ఇంకొక్కటి అనడం నేరం

మత్తు పదార్థాల నిర్మూలన శాఖ వారు మూడు నెలలకోసారి తమ సిబ్బందికి విజ్ఞానదాయకమైన ఉపన్యాసం ఏర్పాటు చేయాలని ఒక నిబంధన ఉంది. ఏ విషయం మీద, ఎవరి చేత అన్నది మాత్రం నిబంధనలో లేదు. అందుకని కొత్తమెరక కార్యాలయం వారు ఊళ్ళో ఖాళీగా దొరికినవాళ్ళని పిలుచుకొచ్చేవారు. కిందటిసారి ఒక కుంకుడుకాయల వ్యాపారి వచ్చి నురగ గురించి మాట్లాడి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయాడు. ఎవరికీ ఏ నష్టమూ కలగలేదు. ఈసారి కర్మ కాలి, నిజంగా విషయం తెలిసిన మనిషి దొరికింది.

ఆవిడ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యురాలు, పేరు వసుధారాణి. వచ్చీ రాగానే తెర మీద రెండు మెదళ్ళ బొమ్మలు వేసింది.

"ఎడమ పక్కది మత్తుమందుకి బానిసైన మనిషి మెదడు. కుడి పక్కది బాగా స్థూలకాయం వచ్చిన మనిషిది. లావుగా ఉన్నవాళ్ళందరికీ ఇలా ఉంటుందని కాదు, కొందరిలో కనిపిస్తుంది. ఆనందాన్ని అందుకునే చోట ఇద్దరికీ ఒకలాంటి లోపమే. మనకి ఒక్కటి తింటే కలిగే తృప్తి వాళ్ళకి కలగదు. అందుకని ఇంకొకటి తింటారు. అప్పటికీ కలగదు. చాలు అని ఆపాల్సిన బ్రేకు కూడా సరిగ్గా పడదు. అలాంటివాణ్ణి పట్టుకుని తిండిపోతు అని తిడితే ఏం లాభం? ఇద్దరికీ కావలసింది వైద్యం."

చివరి వరసలో, చేతులు లేని కుర్చీ ఏరుకుని కూర్చున్న హెడ్ కానిస్టేబుల్ దూలం నూకరాజు ఆ మాటలు విని కదలకుండా ఉండిపోయాడు. నూకరాజు భారీ మనిషి. అతను ఎక్కితే శాఖవారి జీపు అతని వైపుకి ఒరిగేది. బళ్ళో మాస్టారు మొదలుకొని యూనిఫారం కుట్టే దర్జీ దాకా అతన్ని "నోరు కట్టుకోరాదూ" అనని మనిషి లేడు. కట్టుకుందామని అతను చేయని ప్రయత్నమూ లేదు. మొక్కుకున్నాడు, ఒట్టేసుకున్నాడు, పస్తులున్నాడు, చివరికి తనని తనే అసహ్యించుకున్నాడు. ఇది నీ తప్పు కాదు, జబ్బు అని ఒక మనిషి నోట వినడం ఇదే మొదలు. అతనికి కళ్ళనీళ్ళొచ్చాయి. అందరికీ పంచిన పొట్లంలోని కాజా చేతిలోనే ఉండిపోయింది. తినడం మరిచిపోయి, ఆ పొట్లం కాగితంతోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఈ డాక్టరమ్మని ఒక్కసారి ఒంటరిగా కలిసి, నాకు నయం చెయ్యండమ్మా అని అడగాలనుకున్నాడు. అతనికి కావలసిందల్లా అంతే.

ఇంతలో కమిషనర్ చంద్రమౌళి గారు లేచారు. కొంచెం ఆలోచన తడితే చాలు, లేచి నిలబడడం ఆయనకి అలవాటు.

"డాక్టరమ్మగారూ, ఈ రెండు మెదళ్ళూ ఒకటేనంటారు?"

"చాలా పోలికలున్నాయండి."

"అంటే మత్తుకి బానిసా, తిండికి బానిసా, ఇద్దరూ ఒకే బాపతు."

"ఒక రకంగా అంతేనండి. అందుకే ఇద్దరికీ వైద్యం..."

"వైద్యం వేరే శాఖమ్మా," అన్నారు కమిషనర్ గారు సౌమ్యంగా. "మత్తు మాత్రం మాదే."

సిబ్బంది చప్పట్లు కొట్టారు. నూకరాజు కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చేసరికి డాక్టరమ్మ ఎక్కిన ఆటో వీధి మలుపు తిరిగిపోయింది.

సర్క్యులర్ ఆ వారంలోనే వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, మెదడునందు మార్పు కలిగించు పదార్థములు ఏవైనను మత్తు పదార్థములేయని నిపుణులు సెలవిచ్చియున్నందున, కాజా, పూతరేకు, సున్నుండ, బొబ్బట్టు ఇత్యాదులు నేటినుండి ఈ శాఖవారి నిఘా పరిధిలోనికి తీసుకొనిరాబడినవి. జిలేబీ ఎచట ఆరంభమై ఎచట అంతమగునో తేలనందున దాని విషయము పరిశీలనలో నున్నది."

దేవస్థానం వాళ్ళు పరుగెత్తుకొచ్చి మా లడ్డూ సంగతేమిటన్నారు. దాని మీద అనుబంధ సర్క్యులర్ పుట్టింది. భక్తితో కళ్ళకద్దుకుని తిన్నచో ప్రసాదము, అద్దుకొననిచో మత్తు. ఇక చూసుకోండి, కొత్తమెరకలో కళ్ళకద్దుకోకుండా ఏదీ తినేవాడు లేడు. జంతికలు కూడా కళ్ళకద్దుకునేవారు. కారప్పూస అద్దుకున్నవాళ్ళు కళ్ళాసుపత్రి ముందు వరస కట్టారు. ఆ ఊళ్ళో అంత భక్తి అంతకు ముందెప్పుడూ లేదని పెద్దలు సంతోషించారు.

దాడులు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టర్ పేరిచర్ల సుబ్బరాజు ముందు నడిచేవాడు. సరుకు మోయడం నూకరాజు పని. సున్నుండల బుట్ట నెత్తిన పెట్టుకుని బజారు వెంట నడుస్తుంటే అతని పరిస్థితి పగవాడికి కూడా వద్దు. ఒకరోజు అసలైన గంజాయి అమ్మేవాడొకడు సుబ్బరాజుని దారిలో ఆపి, "ఏటండీ రాజుగారూ, మమ్మల్ని బొత్తిగా మర్చిపోయేరు. మా వల్ల ఏవన్నా తప్పు జరిగిందాండి?" అని నొచ్చుకున్నాడు. సుబ్బరాజు అతన్ని ఓదార్చి పంపాడు.

పట్టుకున్న సరుకుని బహిరంగంగా తగలబెట్టాలన్నది పాత నిబంధన. గంజాయిని తగలబెట్టినట్టే నేతి సున్నుండల్ని మైదానంలో రాశి పోసి నిప్పంటించారు. ఆ వాసనకి ఊరు ఊరంతా తరలివచ్చి గట్టుమీద నిలబడి గుండెలనిండా పీల్చుకుంది. కమిషనర్ గారు అది చూసి, పొగ పీల్చుట కూడా సేవించుటయే కనుక గాలివాటున నిలబడినవారందరి మీద కేసులు పెట్టండన్నారు. పెడుతుండగానే గాలి మళ్ళింది. పొగ తిన్నగా అధికారుల మీదికి వచ్చింది. అధికారులు విధినిర్వహణలో పీల్చినది సేవనము కాదని అక్కడికక్కడే ఒక ఉత్తర్వు రాసుకున్నారు.

ఇన్ని చేసినా ఊళ్ళో ఒక్కడూ సన్నబడలేదు. కమిషనర్ గారికి అది కొరుకుడు పడలేదు. సమావేశం పెట్టారు.

"వీళ్ళకి తృప్తి కలగదని డాక్టరమ్మ చెప్పింది. అయినా తింటున్నారు. తృప్తి లేనివాడు ఎందుకు తింటాడయ్యా?"

నూకరాజుకి జవాబు తెలుసు గానీ అది హెడ్ కానిస్టేబుల్ చెప్పదగ్గ జవాబు కాదు.

"ఎందుకంటే పక్కనుండి ఎవడో వడ్డిస్తున్నాడు. మత్తుకి బానిస ఉన్నాడంటే అలవాటు చేసినవాడు ఉంటాడు. వాడేమంటాడు? ఇంకొక్కటి పుచ్చుకో అంటాడు. మన ఇళ్ళల్లో విస్తరి ముందు అనేది ఏమిటి? అదే మాట. పదార్థం మీద పడ్డాం గానీ, మత్తంతా ఆ మాటలో ఉందయ్యా."

అలా కొసరు నిషేధ ఉత్తర్వు పుట్టింది. "పదార్థమేదైనను, పరిమాణమెంతయైనను, భోక్తను ఉద్దేశించి 'ఇంకొక్కటి' అనియో, 'మొహమాటపడకండి' అనియో, తత్సమానార్థకముగనో పలికి కొసరి వడ్డించువారు సరఫరాదారులుగా పరిగణింపబడుదురు." శిక్ష, జిల్లాకేంద్రంలో శాఖవారి సంస్కరణ గృహంలో ఆరు నెలలు, గంజాయి అమ్మేవాళ్ళతో కలిపి.

గోదావరి గట్టున ఉన్న ఊళ్ళో అలాంటి చట్టం తేవడమంటే ఊపిరి పీల్చవద్దనడమే. అయినా కమిషనర్ గారు ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం అన్నారు. కార్యాలయం గుమ్మంలో కాటా పెట్టించారు. నూకరాజు ఎక్కగానే ముల్లు గిర్రున తిరిగి కొస దగ్గర ఆగిపోయింది.

"నీ సరఫరాదారు ఎవరు?" అని అడిగాడు సుబ్బరాజు, నేరస్థుల్ని అడిగే గొంతుతో.

"ఎవరూ లేరండి. నేనే తింటానండి."

"అందరూ మొదట్లో అలాగే అంటారు."

ఆ మధ్యాహ్నమే సుబ్బరాజు ఇద్దరు కానిస్టేబుళ్ళతో నూకరాజు ఇంటికి వెళ్ళాడు. నూకరాజు వెనకాల రొప్పుకుంటూ చేరేసరికి భార్య మంగతాయారు వాళ్ళకి పీటలు వేసి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, అప్పుడే దించిన బెల్లం గారెలు పళ్ళెంలో పెట్టింది. సుబ్బరాజు సాక్ష్యం కోసం ఒక గారె తిన్నాడు. నిర్ధారణ కోసం రెండోది తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయింది.

"అయ్యో, ఎండన పడి వచ్చేరు. ఇంకొక్కటి వేసుకోండి బాబూ. మా ఇంటికొచ్చి మొహమాటపడతారా ఏటండి?" అంది మంగతాయారు.

"రెండు మాటలూ ఒకే ఊపులో అన్నారమ్మా," అన్నాడు సుబ్బరాజు మూతి తుడుచుకుంటూ. "పెద్ద కేసే."

ఆవిడకి అర్థం కాలేదు. మొగుడి మొహం చూసింది. నూకరాజు నేలచూపులు చూశాడు. సుబ్బరాజు మాత్రం అర్థమయ్యేలా చెప్పి, ఆ మూడో గారె కాగితంలో చుట్టించి సీలు వేయించి పట్టుకుపోయాడు.

విచారణ అయ్యేదాకా మంగతాయారు ఇంట్లోనే ఉండొచ్చన్నారు. షరతు ఏమిటంటే, పళ్ళెం పెట్టి నోరెత్తకుండా వెళ్ళి అరుగు మీద కూర్చోవాలి. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి సాక్ష్యం పలకాలి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ మాట్లాడకుండా వడ్డించడం నూకరాజు ఎరగడు. కూర ఎలా ఉందని అడగదు, ఉప్పు సరిపోయిందా అనదు. అతను ఒక్కడూ కూర్చుని గోడకేసి చూస్తూ తినేవాడు. దిగులుకి ఇదివరకటి కంటే ఎక్కువే తిన్నాడు. ఇంత ఒళ్ళేసుకుని పెళ్ళాన్ని జైలుపాలు చేస్తున్నానని ఏడుస్తూ తిన్నాడు.

ఒకరోజు ఆగలేక సుబ్బరాజు కాళ్ళమీద పడ్డాడు.

"చూడు నూకరాజూ, శాఖకి ఒక సంప్రదాయం ఉంది. చిన్న సరఫరాదారుని వదలాలంటే పెద్ద సరఫరాదారు దొరకాలి. గంజాయిలో అంతే, గారెలో అంతే. నువ్వెళ్ళి ఎక్కడైనా విస్తరి ముందు కూర్చో. నీ ఆకారం చూసి కొసరనివాడు ఉండడు. ఒక పెద్ద చేపని పట్టుకురా, మీ ఆవిడ కేసు ఎత్తేయిస్తాను. విచారణ పదిహేనో తారీకు."

నూకరాజు పెళ్ళిళ్ళు పట్టుకు తిరిగాడు. అప్పటికే ఊరికి భయం పట్టుకుంది. వడ్డనవాళ్ళు మూతులకి గుడ్డలు కట్టుకుని, ఒక్కసారి వడ్డించి, వెనక్కి చూడకుండా పారిపోయేవారు. ఒక ఆడపెళ్ళివారింట మర్యాద చేసినవాడే లేడని మగపెళ్ళివారు అలిగి విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు. పెళ్ళికూతురి తండ్రి వాళ్ళ వెంటపడి, "చట్టమండీ, నా చేతిలో ఏవుంది" అని బతిమాలుతూ బస్టాండు దాకా వెళ్ళాడు. నూకరాజు ఖాళీ ఆకు ముందు గంటసేపు కూర్చున్నా ఒక్కరూ ఆ మాట అనలేదు. అన్నవాళ్ళు ఒకరిద్దరున్నారు గానీ ముసలమ్మలు. వాళ్ళ పేర్లు చెప్పడానికి అతనికి మనసొప్పలేదు. తన ఇంట్లో కన్నీళ్ళు ఇంకొకరి ఇంట్లో పోయడానికి అతను సుబ్బరాజు కాదు.

పదమూడో తారీకున, కొసరు నిషేధాన్ని అమలు చేసినందుకు కమిషనర్ గారికి పతకం వచ్చింది. మర్నాడు కార్యాలయం ఆవరణలో అందరికీ ఆయన తరఫున భోజనాలు. శాఖ ఆమోదించిన వంటకాలే వండించారు. ఉడకబెట్టిన అలసందలు, ఉప్పు తక్కువ పొట్లకాయ కూర, నీళ్ళ మజ్జిగ. పై ఊళ్ళనుంచి వచ్చిన అధికారులు, విలేకరులు, పెద్దమనుషులు వరసలుగా కూర్చున్నారు. నూకరాజు మొదటి వరస చివర కూర్చున్నాడు. సుబ్బరాజు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

నూకరాజు తన ఆకులో ఉన్నది చకచకా తినేశాడు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ ఆకుకేసి చూస్తూ కూర్చున్నాడు. అంతకంటే ఏమీ చేయలేదు.

ఆతిథ్యం ఇస్తున్నవారు కనుక కమిషనర్ గారు వరసల మధ్య తిరుగుతున్నారు. మొదటిసారి నూకరాజు ముందు నుంచి వెళుతూ ఆకు చూశారు. గొంతు కదిలింది. దగ్గి ముందుకి వెళ్ళిపోయారు. రెండోసారి వచ్చినప్పుడు ఆగారు. ఏదో అనబోయి, పతకం సర్దుకుని వెళ్ళిపోయారు. ఆయన కూడా గోదావరి నీళ్ళు తాగి పెరిగినవారే. వాళ్ళ తాతగారు భోజనం చేసి లేచినవాణ్ణి రెక్క పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టిన మనిషి. తన ఇంటి బంతిలో ఒకడు ఖాళీ ఆకు ముందు తలవంచుకు కూర్చుంటే చూసి ఊరుకోవడం ఆ వంశంలో లేదు. మూడోసారికి ఆయన వశం తప్పారు.

"ఏవయ్యా నూకరాజూ, అలా బిక్కమొహం వేసుక్కూర్చున్నావేంటి? మన దగ్గర మొహమాటమేవిటయ్యా? ఎవరోయ్ అక్కడ, ఇతనికి ఇంకొక్క గరిటె అలసందలు వెయ్యండి."

అలసందల గరిటె గాల్లోనే ఆగిపోయింది. బంతి మొత్తం నమలడం మానేసింది. నూకరాజు లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమచేత్తో సెల్యూట్ కొట్టాడు.

"క్షమించాలండి. తమరు ఆ మాట అన్నారండి."

"అలసందలయ్యా అవి. తీపి కాదు కదా."

"పదార్థమేదైనను అని తమరే రాశారండి," అన్నాడు నూకరాజు. "నాకు వేరే దారి లేదండి. రేపు మా ఆవిడ విచారణండి."

విలేకరులు అప్పటికే రాసుకుంటున్నారు. కమిషనర్ గారిని సుబ్బరాజు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. పట్టుకున్నది ఆసరాకో, అరెస్టుకో చూసినవాళ్ళకి తెలియలేదు. తలుపులు వేసుకుని సాయంత్రం దాకా చర్చించారు. చట్టం చూస్తే నేరం రుజువైపోయింది. కమిషనర్ నేరస్థుడు కావడానికి శాఖానిబంధనల్లో వీలు లేదు. నేరం జరిగి, నేరస్థుడు లేకపోతే ఏం చేయాలి? ఎటూ తేలక తల ప్రాణం తోకకి వచ్చాక ఎవరికో డాక్టరమ్మ గుర్తొచ్చింది.

వసుధారాణిని జీపులో తీసుకొచ్చారు.

"అమ్మా, ఆరోజు మీరు దీన్ని జబ్బన్నారు," అన్నారు కమిషనర్ గారు. "మనిషి తప్పు కాదన్నారు. వైద్యం కావాలన్నారు."

"అన్నానండి. తమరు వేరే శాఖ అన్నారు."

"ఆ మాటే ఇప్పుడు రాతపూర్వకంగా కావాలి."

"కొసరి వడ్డించడం జబ్బు కాదండి, మర్యాద. జబ్బున్నవాడు వేరే ఉన్నాడు. అతన్ని ఇన్నాళ్ళూ మీరు కాటా మీదకి ఎక్కించారే గానీ నా దగ్గరకి పంపలేదు. ఆరోజు చివరి వరసలో కాజా పొట్లంతో కళ్ళు తుడుచుకున్నాయన ఏడండి?"

గుమ్మం బయట నిలబడ్డ నూకరాజుకి ఆ మాట వినిపించింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు.

రాయనని డాక్టరమ్మ, రాయాలని కమిషనర్ గారు. చివరికి ఆవిడే ఒక మెట్టు దిగింది. రాస్తాను, అయితే మెదడుకి హోదా ఉండదు, రాస్తే కేసుల్లో ఉన్న అందరికీ కలిపి రాస్తాను అంది. రాత్రికల్లా కొత్త సర్క్యులర్ వచ్చింది. "కొసరుట, తినుట అనునవి నేరములు కావనియు, మెదడునందలి మార్పుల వలన కలుగు రుగ్మతలనియు నిపుణులు మొదటినుండియు మొత్తుకొనుచున్నందున, నిందితులందరును నేటినుండి రోగులుగా మార్చబడినారు. రోగులు విధిగా చికిత్స పొందవలెను."

మర్నాడు మంగతాయారు కోర్టుకి వెళ్ళలేదు. పెద్దాసుపత్రి ఓపీకి వెళ్ళింది. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. బల్ల మీద ఒక చివర ఆవిడ, మరో చివర నూకరాజు, మధ్యలో కమిషనర్ చంద్రమౌళి గారు చీటీ పట్టుకుని కూర్చున్నారు.

కమిషనర్ గారు లోపలికి వెళ్ళి అసలు బాధ చెప్పుకున్నారు. "మొదట్లో ఒక్క బుట్ట పట్టుకుంటే వారం రోజులు హాయిగా ఉండేదమ్మా. తర్వాత దుకాణం పట్టుకున్నా ఆనందం లేదు. ఊరు మొత్తాన్ని పట్టుకున్నా లేదు. ఇంకా పెద్ద ఉత్తర్వేదో తీస్తే గానీ నిద్రపట్టేలా లేదు." డాక్టరమ్మ చీటీ తీసుకుని, కొన్నాళ్ళు కలం ముట్టుకోవద్దని రాసిచ్చింది.

తర్వాత నూకరాజు వెళ్ళాడు. ఆవిడ కుర్చీ చూపించింది. దానికి చేతులు లేవు. తన కోసమే వేయించిందని అతనికి తెలిసింది.

"ఇంతకాలం ఎందుకు రాలేదండీ?"

"వైద్యం వేరే శాఖ అన్నారండి," అన్నాడు నూకరాజు. అని, ఆరోజు ఆపుకున్నదంతా కలిపి భోరుమన్నాడు.

ఆవిడ తొందరపెట్టలేదు. ఇది ఒక్కరోజులో పోయేది కాదని, మందులు ఇస్తానని, మధ్యలో తప్పటడుగులు పడతాయని, పడ్డప్పుడు సిగ్గుపడి రావడం మానేయొద్దని చెప్పింది. మంగతాయారుని కూడా పిలిచి ఏదో చెప్పింది.

ఆ పూట ఇంట్లో అరుగు మీద ఎవరూ లేరు. గోడ మీంచి చూసేవాళ్ళూ లేరు. మంగతాయారు పళ్ళెం పెట్టి, చాలా రోజుల తర్వాత ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. కూర ఎలా ఉందంది. ఉప్పు సరిపోయిందా అంది. అతని పళ్ళెం ఖాళీ అయింది. ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ గరిటె మీదకి వెళ్ళి, అక్కడే ఆగింది.

"చాలా?" అని అడిగింది.

నూకరాజు తలెత్తి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పెట్టినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు. కళ్ళు మూసుకుని లోపల వెతుక్కున్నాడు. ఎంతసేపు వెతికినా జవాబు దొరకలేదు.

"తెలీట్లేదే మంగా," అన్నాడు.

ఆవిడ గరిటె పక్కన పెట్టి, గిన్నె మీద మూత వేసింది.

"తెలిసేదాకా కూర్చుందారి," అంది.